మేనమామయే 'అంకుల్'

ఫ్రెంచి నేర్చుకొను తెలుగు విద్యార్థికి మొదటి చిక్కు వ్యాకరణమున కాదు, కుటుంబముననే ఎదురగును. "నా 'ఫ్రేర్' వచ్చినాడు" అను చిన్న వాక్యమును తెలుగు చేయబూనినచో కలము ఆగిపోవును. వచ్చినవాడు అన్నయా, తమ్ముడా? ఫ్రెంచివానికి ఆ ప్రశ్న వెంటనే తోచదు. అవసరమైనచో పెద్దవానిని 'ఎనే' అనియు, చిన్నవానిని 'కదే' అనియు వేరుచేసి చెప్పును. లేనిచో 'ఫ్రేర్' చాలును. అక్కకును చెల్లెలికిని 'సొర్' అను ఒక్కటే మాట. 'సోదరుడు' అని వ్రాసి తప్పించుకొనవచ్చును గాని, ఏ యింటను తమ్ముని 'సోదరా' యని అన్నమునకు పిలువరు.

పెండ్లితో కలిసిన చుట్టరికములకు ఫ్రెంచివారు 'బో', 'బెల్' అను మాటలను ముందు చేర్తురు. అందమైన అని వీని యర్థము. పూర్వము మర్యాదగా సంబోధించుటకు వీనిని వాడెడివారు. మామగారు 'బో పేర్'. మారుతండ్రియు 'బో పేర్' అనియే పిలువబడును. సవతితల్లికి 'మరాత్ర్' అను పాతమాట యుండెడిది. అది క్రమముగా దయలేని తల్లి యను నర్థమునకు దిగజారగా, దాని స్థానమున 'బెల్ మేర్' నిలిచినది. 'సవతితల్లి ప్రేమ' యను మన పలుకుబడి నెరిగినవారికి ఈ కథ క్రొత్త కాదు.

అయినను, ఫ్రెంచికి జననియైన లాటిను ఇంత పొదుపరి కాదు. అందు తండ్రి తోడబుట్టినవాడు 'పాత్రూస్', తల్లి తోడబుట్టినవాడు 'అవుంకులుస్'. మేనత్త 'అమిత', తల్లి తోబుట్టువు 'మాతెర్తెర'. ఫ్రెంచిలో 'పాత్రూస్', 'మాతెర్తెర' నశించినవి. 'అవుంకులుస్' మారి 'ఓంక్ల్' అయి ఇరువైపుల వారికిని పేరైనది. 'అమిత' నుండి పుట్టిన 'తాంత్' పినతల్లికిని మేనత్తకును చెల్లినది. పెదతండ్రి కొడుకును, మేనమామ కొడుకును వారికి 'కుజేఁ' మాత్రమే. మన ఆడపిల్లకు మొదటివాడు అన్నయో తమ్ముడో. రెండవవాడు బావ, పెండ్లియాడదగిన వరస. ఆ భేదము పెండ్లిని నిర్ణయించెడిది గనుకనే మన మాటలు అంత జాగ్రత్తగా నిలిచినవి.

పాత ఫ్రెంచి రూపములే ఆంగ్లమునకు పోయి, అటనుండి 'అంకుల్', 'ఆంటీ' అయి మన యిండ్లకు వచ్చినవి. పొరుగింటి పెద్దమనిషిని 'అంకుల్' అని పిలుచు బాలుడు తానెరుగకయే అతనిని మేనమామను చేయుచున్నాడు! పొరుగువారి కా పిలుపు చెల్లుటయందు దోషము లేదు. కాని సొంత పెదతండ్రియు, పినతండ్రియు, మేనమామయు ఆ యొక్క మాటలోనే కలిసిపోయినచో, 'పాత్రూస్' పోయిన దారినే మన మాటలును పోవును. మాట పోయిన పిమ్మట వరస తెలుపుటకు ఒక వాక్యము కావలెను. ఆ వాక్యము చెప్పుటకు ఇంట ఒక పెద్ద యుండవలెను.