మంట కాళ్లలో.. మూలం పొట్టలోనా?

రాత్రి ఒంటిగంట. రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి మీద గూడ్సు బండి చప్పుడికి మెలకువొచ్చింది. చూస్తే పక్క మంచం మీద అమ్మ లేదు. వంటింటి గుమ్మం దగ్గర బకెట్లో నీళ్లు పోసుకుని, రెండు కాళ్లూ అందులో పెట్టి కూర్చుంది.

'ఏంటమ్మా ఇది?' అంటే, 'ఏం లేదే, అరికాళ్లు మండిపోతన్నాయి. నిప్పుల మీద నడిచినట్టుంది. నువ్వు పడుకో' అంది. ఆర్నెల్లుగా ఇదే వరసట! హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ రోజూ కొవ్వూరికి వీడియో కాల్ చేసే నాకు ఆ సంగతే తెలీదు. కాల్‌లో కనిపించేది మొహమే కానీ కాళ్లు కాదు కదా.

ఆ రాత్రి నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. ఫోన్ తీసి 'కాళ్ల మంటలు' అని వెతికా. అంతే, మర్నాటి నుంచి నా ఫీడ్ నిండా పొట్ట గురించే. 'మీ నరాల నొప్పికి అసలు కారణం పేగుల్లోని బ్యాక్టీరియా. ఈ పొడి నెల రోజులు తాగితే చాలు' అంటూ రీల్ తర్వాత రీల్. పద్దెనిమిది వందలు పెట్టి ఒక డబ్బా తెప్పించా. అదయ్యాక ఇంకోటి. అమ్మ పాపం మారు మాట్లాడకుండా తాగింది. మూడు నెలలు గడిచిపోయాయి. మంట తగ్గలేదు సరికదా, చెప్పు కాలి నుంచి జారిపోయినా తనకి తెలియడం లేదు.

అప్పుడు భయమేసింది.

రీల్స్ చెప్పింది అబద్ధమా?

పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది.

మన పేగుల్లో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. దానికీ నరాల నొప్పికీ లింకు ఉందని సైంటిస్టులు నిజంగానే కనిపెట్టారు. క్యాన్సర్‌కి వాడే ఆక్సాలిప్లాటిన్ అనే మందు చాలామందికి చేతులూ కాళ్లూ తిమ్మిర్లెక్కిస్తుంది, మంటలు పుట్టిస్తుంది. 2017లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు ఆ మందుని ఎలుకల మీద పరీక్షించారు. ముందే యాంటీబయాటిక్స్ ఇచ్చి పేగుల్లోని బ్యాక్టీరియాని తగ్గించిన ఎలుకల్లో నొప్పి బాగా తక్కువగా కనిపించింది. అసలు బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకల్లోనూ అంతే. వాటికి తిరిగి బ్యాక్టీరియాని ఎక్కిస్తే నొప్పీ తిరిగొచ్చింది! బ్యాక్టీరియా గోడల్లోని పదార్థం పేగు దాటి రక్తంలోకి చేరితే, రోగనిరోధక కణాలు రెచ్చిపోయి వెన్నెముక పక్కనుండే నరాల కణాలకి సెగ తగిలిస్తాయన్నది వాళ్ల వివరణ.

షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న 37 మంది మీద చైనాలో చేసిన ఒక ప్రయోగం 2023లో వెలువడింది. ఆరోగ్యవంతుల పేగు బ్యాక్టీరియాని వీళ్లలోకి మార్పిడి చేస్తే బాధలు తగ్గాయి. ఆశ కలిగించేదే. కానీ 37 మంది అంటే చాలా చిన్న సంఖ్య. పైగా అది డాక్టర్ల పర్యవేక్షణలో జరిగిన మార్పిడి. నేను ఆర్డర్ పెట్టిన డబ్బాకీ దానికీ సంబంధమే లేదు.

శృతిదండం చెప్పిన నిజం

చివరికి అమ్మని బ్రిడ్జి దాటించి రాజమండ్రిలో డాక్టరుగారికి చూపించా. ఆయన స్కూల్ ల్యాబులో మనం చూసిన శృతిదండం లాంటిది తీసి, మోగించి, అమ్మ కాలి బొటనవేలి మీద ఆనించారు. 'జుమ్మంటోందామ్మా?' 'లేదండి, ఏం తెలీట్లేదండి.' నాకు గుండె ఝల్లుమంది.

తర్వాత వరసగా ప్రశ్నలు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ల నుంచి? పదేళ్లు. గ్యాస్ బిళ్ల? రోజూ పరగడుపున ఒకటి. నీచు తింటారా? నాన్న పోయాక మానేసింది. చుట్టాలొస్తే పులస పులుసు వండి పెడుతుంది కానీ తను ముక్క ముట్టదు. రెండు కాఫీల్లోని పాలు, కాస్త పల్చటి మజ్జిగ, అంతే.

'బి12 చూద్దాం' అన్నారు. రిపోర్టులో 138 వచ్చింది. 200 కంటే తక్కువుంటే లోపం కిందే లెక్కట.

నరం మీద కరెంటు వైరుకున్నట్టు ఒక తొడుగు ఉంటుంది. దాన్ని నిలబెట్టేది బి12. అది చాలకపోతే తొడుగు పాడై తిమ్మిరి, మంట, తర్వాత మొద్దుబారడం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినా, గ్యాస్ బిళ్ల రోజూ మింగినా బి12 ఒంటికి సరిగా పట్టకపోవచ్చు. అమ్మకి షుగరూ ఉంది, ఈ లోపమూ ఉంది. రెండూ కలిసి నరాల మీద పడ్డాయి.

ఇందులోనూ బ్యాక్టీరియా ఉంది! బి12ని మొక్కలూ తయారు చేయలేవు, జంతువులూ చేయలేవు. చేసేది సూక్ష్మజీవులే. ఆవు పొట్టలో అవి చేసిందే పాలల్లోకి వస్తుంది. మన పేగుల్లోనూ చేస్తాయి కానీ పెద్దపేగులో. బి12ని పీల్చుకునేదేమో దానికి ఎగువనున్న చిన్నపేగు. దిగువ చేలో ఎన్ని నీళ్లుంటే ఏం లాభం, ఎగువ చేలోకి ఎక్కవు కదా. అందుకే తిండి ద్వారానో మందు ద్వారానో తీసుకోవాల్సిందే.

మన భీమవరం ఆయన

పొట్టకీ నరాలకీ ఉన్న ఈ ముడి గోదావరి జిల్లాలకి కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. తర్వాత ఆయనకీ అదే వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

స్ప్రూలో చిన్నపేగులో ఉండకూడనంత బ్యాక్టీరియా చేరుతుంది, పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నదాంట్లోని ఫోలిక్ యాసిడ్, బి12 ఒంటికి పట్టవు. అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్‌లో సుబ్బారావు నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారు చేసింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆ ల్యాబు నుంచే 1948లో వచ్చింది. ఉష్ణదేశాల స్ప్రూకి ఇప్పటికీ ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్ కలిపి వాడతారు.

ఇక్కడే ఒక హెచ్చరిక ఉంది. బి12 లోపం ఉన్నవాళ్లకి ఒక్క ఫోలిక్ యాసిడే ఇస్తే రక్తహీనత తగ్గుతుంది, మొహంలో కళొస్తుంది. లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. బి12ని విడిగా వెలికితీసింది 1948లో. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

మీ ఇంట్లోనూ చూడండి

ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నల కాళ్ల గురించి ఒక్కసారి అడగండి. తిమ్మిర్లు, మంటలు, చెప్పు జారినా తెలియకపోవడం.. వీటిలో ఏదున్నా డాక్టర్ని కలవండి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బి12 పరీక్ష గురించి అడగండి. అంతేకానీ షుగర్ మందు సొంతంగా ఆపించొద్దు, 'బలానికి' అని ఏ బిళ్లలు పడితే అవి మింగించొద్దు. పెరుగు, పప్పులు, ఆకుకూరలు పేగులకి మంచివే, తినండి. కానీ లోపాన్ని కనిపెట్టే పని పరీక్షది, పొడి డబ్బాది కాదు.

అమ్మకి ఇంజెక్షన్లు మొదలై నాలుగు నెలలైంది. మంట చాలావరకు తగ్గింది. బొటనవేలికి స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు. నరం నిదానంగా కోలుకుంటుందనీ, కొంత నష్టం అలాగే ఉండిపోవచ్చనీ డాక్టరుగారు ముందే చెప్పారు. ఆ డబ్బాల కోసం నేను పోగొట్టిన మూడు నెలలు గుర్తొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

మొన్న వెళ్లినప్పుడు అవి కనిపిస్తే విసిరేయబోయాను. అమ్మ చటుక్కున లాక్కుంది. 'పారేయకే, మూత బిగువుగా ఉంది. మినప్పప్పు పోసుకుంటాను.'