అద్దం పోయింది, కిటుకు ఉండిపోయింది

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకి తలంబ్రాల ఘట్టమే అసలు పరీక్ష. డీఎస్ఎల్ఆర్ రోజుల్లో కోనసీమ పెళ్లిళ్లు తీసినవాళ్లని ఎవర్నైనా అడగండి. దోసిళ్లు పైకి లేవగానే ఫోకస్ పెళ్లికూతురి మొహాన్ని వదిలేసి, ముందు రాలుతున్న బియ్యం మీదికి దూకేది. గింజ మీది పసుపు కూడా కనిపించేది, మనిషి మాత్రం మసక. ఇప్పటి అద్దం లేని (మిర్రర్‌లెస్) బాడీలు అదే బియ్యపు వానలో కంటిని అంత తేలిగ్గా వదలవు.

అమలాపురంలో మేనమామకి స్టూడియో ఉన్న కుర్రాడొకడు నా క్లాసులో లేచి అడిగాడు. "సార్, పాత కెమెరాలో ఫోకస్ అద్దం వల్లే కుదిరేది కదండీ. మరి అద్దం తీసేశాక ఎలా కుదురుతోందండీ?"

ప్రశ్న అసలు చోటే పట్టుకుంది. డీఎస్ఎల్ఆర్‌లో పెద్ద అద్దం పూర్తిగా అద్దం కాదు. దాని నడిమి భాగం కాస్త వెలుతురుని వెనక్కి పోనిస్తుంది. ఆ వెనక మరో బుల్లి అద్దం ఉండి, వచ్చిన వెలుతురుని కిందికి, బాడీ అడుగున కూర్చున్న ఫోకస్ సెన్సర్ మీదికి మళ్లిస్తుంది. ఫోకస్ చూసేది ఆ సెన్సరే, అద్దాలు దారి చూపిస్తాయంతే.

సెన్సర్ చేసే పని నాకు భలే ఇష్టం. చెయ్యి చాచి వేలు నిలబెట్టి, ఒక్కో కన్నూ మూసి చూడండి. గట్టు మీది కొబ్బరిచెట్టు ముందు వేలు అటూ ఇటూ జరుగుతుంది. లెన్స్‌కీ రెండు కళ్లున్నట్టే లెక్క. ఎడమ అంచు గుండా వచ్చిన వెలుతురుతో ఒక బొమ్మ, కుడి అంచు గుండా వచ్చినదానితో ఇంకో బొమ్మ. ఫోకస్ కుదిరితే రెండూ ఉండాల్సిన ఎడంలోనే ఉంటాయి. తప్పితే ఆ ఎడం పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. పెరిగిందా తగ్గిందా అన్నది లెన్స్ ఎటు తిరగాలో చెబుతుంది, తేడా ఎంతన్నది ఎంత తిరగాలో చెబుతుంది. ముందుకీ వెనక్కీ వెతుక్కోవడం లేదు. ఒక్క చూపులో లెక్క తేలిపోతుంది. 1985లో మినోల్టా 7000 ఈ పద్ధతిని బాడీలోనే ఇమిడ్చి జనం చేతికిచ్చింది.

చిక్కల్లా దారులు రెండు కావడం. ఫొటో పడే చోటు వెనకుంది, ఫోకస్ చూసే చోటు కిందుంది. రెండు దూరాల మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా, పెళ్లికూతురి కన్ను మసకబారి జడలో మల్లెలు మెరిసేవి. పైగా అద్దం లేచిన క్షణంలో సెన్సర్ గుడ్డిదే. 2013లో కెనాన్ 70డీ ఫొటో తీసే సెన్సర్‌లోనే ప్రతి పిక్సెల్‌నీ రెండుగా చీల్చింది. ఒక సగానికి లెన్స్ ఎడమ వైపు, రెండో సగానికి కుడి వైపు. కింద ఉన్న కిటుకు వెనక గోడకెక్కింది. అద్దం ఇక ఉన్నా లేకపోయినా ఒకటే. కన్ను ఎక్కడుందో గుర్తుపట్టే తెలివి మాత్రం కొత్తది. అది చోటు చూపిస్తే, ఎటు, ఎంత అన్న లెక్క పాతదే చేస్తుంది.

ఇక కెనాన్, నికాన్ పేచీ. నికాన్ లెన్స్ బిగించే 1959 నాటి ఎఫ్ మౌంట్‌ని పట్టుకుని వేలాడింది. ఆటోఫోకస్ వచ్చినప్పుడు మోటారుని బాడీలో పెట్టి, మౌంట్ అంచున పొడుచుకొచ్చిన చిన్న కడ్డీతో లెన్స్‌ని తిప్పించింది. కెనాన్ 1987లో పాత ఎఫ్‌డీ మౌంట్‌ని నిర్దాక్షిణ్యంగా వదిలేసి ఈఎఫ్ తెచ్చింది. మోటారు లెన్స్‌లోనే, బాడీకీ లెన్స్‌కీ మధ్య కరెంటు మాటలే. పాత లెన్సులు కొన్నవాళ్లు ఉసూరుమన్నారు.

2018లో ఇద్దరూ అద్దం తీసేసి కొత్త మౌంట్లు తెచ్చేసరికి కథ తిరగబడింది. ఈఎఫ్ లెన్స్ సెన్సర్‌కి 44 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి, కొత్త ఆర్ఎఫ్‌లో ఉన్నది 20. మిగిలిన 24 మిల్లీమీటర్లకి కరెంటు తీగలున్న ఖాళీ గొట్టం బిగిస్తే చాలు, పాత లెన్స్ హాయిగా ఫోకస్ పడుతుంది. నికాన్ కొత్త జెడ్ మౌంట్‌కీ ఇలాంటి గొట్టమే ఉంది, పేరు ఎఫ్‌టీజెడ్, కానీ అందులో తిప్పే మోటారు లేదు. అందుకే ఎన్నో పెళ్లిళ్లు చూసిన 80-200 డి లెన్స్‌ని జెడ్ బాడీకి తగిలిస్తే చేత్తో తిప్పుకోవలసిందే. పాతవాళ్లని వదలనన్న కంపెనీ దగ్గరే పాత లెన్స్ చేతిపనికి దిగడం నాకు తమాషాగానే ఉంటుంది. అయినా నా ఓటు కెనాన్‌కే. 1987లో తిన్న తిట్లు 2018లో పనికొచ్చాయి.

తక్కిన చరిత్ర పరుగులే. 1991లో కొడాక్ డీసీఎస్, నికాన్ ఎఫ్3 బాడీకే తగిలించిన 13 లక్షల పిక్సెళ్ల యంత్రం, ఫొటోలు దాచే పెట్టె భుజాన వేరే. 1999లో నికాన్ డీ1, 2001లో కెనాన్ 1డీ, 2021లో మెకానికల్ షట్టరే లేని నికాన్ జెడ్9. అదే ఏడు కెనాన్ ఆర్3లో 1992 నాటి ఫిల్ము కెమెరా ఈఓఎస్ 5 కిటుకొకటి మళ్లీ తేలింది. వ్యూఫైండర్‌లో కంటికి కనబడని పరారుణ వెలుతురు కంటిపాప మీద పడుతుంది, మీరు ఎటు చూస్తే ఫోకస్ అటు పోతుంది. కొన్నిరకాల కళ్లజోళ్లతో మాత్రం ఇప్పటికీ పేచీ పెడుతుంది.