ఎక్స్‌రేకు దొరకని రాయి

తిరుపతిలో ఒక ల్యాబ్‌లో మూత్ర పరీక్షలు చేయడం నా ఉద్యోగం. పలమనేరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "ఎక్స్‌రేలో రాయేం లేదన్నారు సార్. నొప్పికి మాత్రం రాత్రంతా పొర్లినాను" అన్నాడు. స్కానింగ్‌ తీస్తే రాయి ఉంది. యూరిక్‌ యాసిడ్‌ రాయిలో కాల్షియం ఉండదు కాబట్టి మామూలు ఎక్స్‌రేకు అది కనబడదు. అల్ట్రాసౌండ్‌లోనో సీటీలోనో బయటపడుతుంది.

ఆయన మూత్రంలో స్ట్రిప్‌ ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చి చూశాను. పీహెచ్‌ గడి నారింజ రంగు దగ్గరే నిలిచిపోయింది. అంటే 5, మూత్రం బాగా పుల్లబడిందన్నమాట. మైక్రోస్కోపు కింద పసుపు, గోధుమ రంగు పలకలు, డైమండు ఆకారంలో, కొన్ని విడిగా, కొన్ని గుత్తులుగా. విచిత్రమేమంటే రక్తంలో యూరిక్‌ యాసిడ్‌ నార్మల్‌గానే ఉంది.

చాలామందికి తెలియాల్సింది ఇక్కడే ఉంది. యూరిక్‌ యాసిడ్‌ ఎంత ఉందన్నదానికంటే, మూత్రం ఎంత పుల్లబడిందన్నదే ఈ రాయికి ముఖ్యం. మన ఒంట్లోంచి రోజూ సుమారు 600 మిల్లీగ్రాముల యూరిక్‌ యాసిడ్‌ మూత్రంలో పోతుంది. పీహెచ్‌ 5 దగ్గర లీటరు మూత్రంలో 150 మిల్లీగ్రాములు కరగడమే కష్టం. 6.5కు పెరిగితే దానికి పది రెట్లు కరుగుతుంది.

మరి మూత్రం ఎందుకు పుల్లబడుతుంది? పెద్దాయనకు షుగరుంది, బీపీ ఉంది, పొట్ట ముందుకొచ్చింది. ఒంట్లో పుట్టే ఆమ్లాన్ని కిడ్నీ అమ్మోనియాతో కలిపి బయటికి పంపుతుంది. ఇన్సులిన్‌ సరిగా పనిచేయని మనిషిలో ఆ అమ్మోనియా తయారీ తగ్గిపోతుంది. ఆమ్లం విడిగానే మిగిలి మూత్రం పుల్లబడుతుంది. అందుకే షుగరు, ఊబకాయం ఉన్నవాళ్లలో ఈ రాళ్లు ఎక్కువ. గౌట్‌ ఉన్నవాళ్లకూ, చాన్నాళ్లుగా విరేచనాలతో బాధపడేవాళ్లకూ ఈ ముప్పు ఉంది.

మా ప్రాంతంలో నింద ఎక్కువగా పడేది టమోటా మీద. మదనపల్లె టమోటా మార్కెట్‌ ఉన్న నేల మీద దాన్ని మానేసి కూర్చున్నవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. ఈ రాయికి, టమోటా గింజకు సంబంధం లేదు. తగ్గించాల్సింది బోటి, కార్జం, రోజూ మాంసం, తీపి కూల్‌డ్రింకులు. బీరు తాగితే రాయి పడిపోతుందని చెప్పేవాళ్ల మాట అసలు వినొద్దు. బీరు యూరిక్‌ యాసిడ్‌ను పెంచుతుంది. రోహిణి కార్తె ఎండలో పొలం పని చేసేవాళ్లూ, మన పల్లెల నుంచి కువైట్‌ వెళ్లి ఎండలో పనిచేసేవాళ్లూ చెమటగా పోయినంత నీళ్లు తిరిగి తాగరు. మూత్రం చిక్కబడితే రాయికి అంతకంటే అనువేముంది? రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగాలి.

ఒక్క మంచి మాట. కిడ్నీ రాళ్లలో మందుతో బాగా కరిగే రకం ఇది. డాక్టరు పొటాషియం సిట్రేట్‌ ఇచ్చి పీహెచ్‌ను 6.5 ప్రాంతంలో నిలబెడితే, చాలా రాళ్లు వారాల్లో, నెలల్లో కరిగిపోతాయి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు పొటాషియం ప్రమాదం కాబట్టి సొంతంగా కొని తాగకూడదు. పీహెచ్‌ 7 దాటిపోతే మరో రకం రాళ్లు పుట్టొచ్చు, కాబట్టి మధ్యమధ్యలో పరీక్ష తప్పదు. కొండపిండాకు కషాయం, ఉలవ కట్టు తాగుతూ నెలలు గడిపేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు అది ఏ రాయో తెలుసుకోండి.

షుగరున్నవాళ్లు నడుము నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మూత్రం పీహెచ్‌ ఎంతో అడగండి. రాయి పడితే పారేయకుండా డబ్బాలో వేసి డాక్టరుకు చూపించండి. నొప్పితో పాటు చలిజ్వరం వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.