స్కానర్ బీప్ అంటోంది, బిల్లు మాత్రం పడట్లేదు... తప్పు ఎక్కడుంది?

ఇఫ్తార్‌కు ఇంకో గంట ఉందనగా కిరాణా దుకాణంలో రద్దీ ఎలా ఉంటుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఒకరి చేతిలో ఖర్జూరం ప్యాకెట్లు, ఇంకొకరి చేతిలో షర్బత్ సీసా, వెనకాల పిల్లాణ్ని ఎత్తుకున్న తల్లి. సరిగ్గా అప్పుడే వైర్‌లెస్ స్కానర్ మొరాయిస్తుంది. బీప్ అంటుంది, లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌లో మాత్రం ఏమీ పడదు. దుకాణదారు దాన్ని పక్కన పెట్టి సరుకుల పేర్లు చేత్తో వెతకడం మొదలుపెడతాడు. ఆ హడావిడిలో అర కిలో ప్యాకెట్‌కు బదులు కిలో ప్యాకెట్ పేరు నొక్కితే కొన్నవాళ్లకు నష్టం, తిరగేసి నొక్కితే అమ్మినవాళ్లకు నష్టం. ఇంటికెళ్లి బిల్లు చూసుకున్న మనిషి మళ్లీ దుకాణానికి వచ్చి నలుగురిలో నిలదీస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

మర్నాడు కంప్యూటర్ రిపేరు చేసే మనిషి వస్తాడు. ఓ కాగితం తీసి, దానిమీది నాలుగు గీతల్ని స్కాన్ చేసి, చార్జీ తీసుకుని వెళ్లిపోతాడు. ఆ కాగితం స్కానర్ డబ్బాలోనే వచ్చింది. చాలా దుకాణాల్లో అది డబ్బాతో పాటే చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది.

నిజానికి ఈ పని ఇంట్లో చదువుకుంటున్న అబ్బాయో అమ్మాయో చేసేయొచ్చు. ఒక్క సంగతి అర్థమైతే చాలు.

స్కానర్ అంటే ఓ కీబోర్డే

స్కానర్‌కు ధర తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. దానికి ధర తెలియదు, వస్తువు పేరు తెలియదు, బరువు తెలియదు. గీతల్లో దాగిన అంకెల్ని చదివి, కీబోర్డు మీద ఎవరో గబగబా కొట్టినట్టు కంప్యూటర్‌కు పంపుతుంది, అంతే. ఆ అంకెలకు పేరు, ధర వెతికి పెట్టేది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ధర తప్పుగా పడితే స్కానర్‌ను తిట్టి లాభం లేదు. సాఫ్ట్‌వేర్‌లో పాత ధర మార్చలేదన్నమాట.

కాబట్టి స్కానర్ పనిచేయట్లేదని అనిపించగానే మొదట చేయాల్సింది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మూసేసి నోట్‌ప్యాడ్ తెరవడం. అందులో ఓ సబ్బునో బిస్కెట్ ప్యాకెట్‌నో స్కాన్ చేయండి. ప్యాకెట్ మీద గీతల కింద ఉన్న అంకెలు అక్కడ అచ్చంగా పడితే స్కానర్ బాగానే ఉంది, గొడవ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. అసలేమీ పడకపోతే కనెక్షన్ గొడవ. తప్పుగా పడితే సెట్టింగ్ గొడవ. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు.

అంకెలు సరిగా వచ్చాయో లేదో తేల్చుకోవడానికి ఓ లెక్క కూడా ఉంది. మన దగ్గర ప్యాకెట్ల మీద ఉండేది ఎక్కువగా 13 అంకెల కోడ్. అందులో చివరి అంకె సరుకుది కాదు, కాపలాదారు. ఉదాహరణకు 8901234567890 తీసుకోండి. చివరి సున్నా వదిలేసి, ఎడమ నుంచి 1, 3, 5, 7, 9, 11 స్థానాల్లోని అంకెలు కలిపితే 28. మిగతా ఆరు స్థానాలవి కలిపితే 34, దాన్ని మూడుతో గుణిస్తే 102. రెండూ కలిపితే 130. దాని పైన వచ్చే పదుల సంఖ్యకు ఎంత తక్కువైతే అదే చివరి అంకె. ఇక్కడ 130 సరిగ్గా పదుల సంఖ్యే, అందుకే సున్నా. స్కానర్ ప్రతిసారీ ఈ లెక్క వేసుకుని, కుదిరితేనే బీప్ అంటుంది. చేత్తో కొట్టే మనిషి ఈ లెక్క వేయడు కదా.

మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 890తో మొదలైతే భారత్‌లో తయారైందని, 628 అయితే సౌదీ సరుకని, 629 అయితే దుబాయి సరుకని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ మూడంకెలు చెప్పేది కంపెనీ ఏ దేశపు జీఎస్‌వన్ సంస్థ దగ్గర నంబరు తీసుకుందనేది మాత్రమే. సరుకు ఎక్కడ తయారైందో, లోపల ఏముందో ఆ గీతలు చెప్పవు. అది తెలియాలంటే ప్యాకెట్ మీది రాత చదువుకోవాల్సిందే.

జత కుదర్చడం

వైర్‌లెస్ స్కానర్లు రెండు దారుల్లో కలుస్తాయి. ఒకటి, కంప్యూటర్ యూఎస్‌బీకి పెట్టే చిన్న డాంగిల్. ఇది 2.4 గిగాహెర్ట్జ్ రేడియోతో మాట్లాడుతుంది. రెండోది బ్లూటూత్. కౌంటర్ మీద కంప్యూటర్ ఉంటే డాంగిల్ దారే హాయి. ఫోనులోనో ట్యాబ్‌లోనో బిల్లు వేసేవాళ్లకు బ్లూటూత్ కావాలి. చాలా స్కానర్లలో రెండూ ఉంటాయి కానీ ఒకసారికి ఒకటే పనిచేస్తుంది. ఏది కావాలో మాన్యువల్‌లోని బార్‌కోడ్ స్కాన్ చేసి చెప్పాలి. బీప్ వస్తూ ఏమీ పడకపోవడానికి తరచూ కారణం ఇదే. డాంగిల్ కంప్యూటర్‌కు పెట్టి ఉంటుంది, స్కానర్ మాత్రం బ్లూటూత్‌లో కూర్చుని ఉంటుంది.

డాంగిల్‌తో జత చేయడానికి ముందు 2.4 జీ మోడ్ బార్‌కోడ్, తర్వాత పెయిరింగ్ బార్‌కోడ్ స్కాన్ చేస్తే లైటు గబగబా మెరుస్తుంది. అప్పుడు డాంగిల్‌ను ఊడదీసి మళ్లీ పెట్టాలి. బీప్ వచ్చి లైటు నిలకడ పడితే జత కుదిరినట్టే. వరస కంపెనీని బట్టి కాస్త మారుతుంది, పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

బ్లూటూత్‌లో ఇంకో మెలిక ఉంది. మాన్యువల్‌లో హెచ్‌ఐడీ, ఎస్‌పీపీ, బీఎల్‌ఈ అని మూడు పేర్లు కనిపిస్తాయి. మామూలు దుకాణానికి కావాల్సింది హెచ్‌ఐడీ, అంటే కీబోర్డు పద్ధతి. ఎస్‌పీపీ పెడితే దానికోసం రాసిన ప్రత్యేకమైన యాప్ ఉంటే తప్ప అంకెలు ఎక్కడా కనబడవు. ఇంకా, స్కానర్ పాత ఫోనుతో కలిసి ఉంటే కొత్త ఫోనుకు దొరకదు. పాత ఫోను బ్లూటూత్ జాబితాలోంచి దాన్ని తీసేసి, తర్వాత కొత్తదానితో కలపాలి. అబ్బా ఫోనుకు కలిసిన స్కానర్ తమ్ముడి ఫోనులో కనిపించట్లేదని కంగారు పడే ఇళ్లు బోలెడు.

ఫోనుకు కలిపాక ఇంకో ఆశ్చర్యం ఎదురవుతుంది. తెర మీద టైపు చేసే కీబోర్డు మాయమైపోతుంది. ఫోను పాడవలేదు. నిజమైన కీబోర్డు దొరికిందనుకుని అది తన కీబోర్డును దాచేసింది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డ్ అని వెతికి, తెర కీబోర్డు చూపించమనే మీట ఆన్ చేస్తే తిరిగొస్తుంది. ఐఫోన్ అయితే చాలా స్కానర్లలో బటన్ రెండుసార్లు టకటకా నొక్కితే వస్తుంది.

డాంగిల్ దగ్గరే ఉన్నా సిగ్నల్ తెగిపోతుంటే అది ఎక్కడ పెట్టారో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి పెట్టిన హార్డ్ డిస్కులు సరిగ్గా ఈ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రొద చేస్తాయి. సీపీయూ వెనక ఇనుప డబ్బాకు ఆనుకుని ఉన్న డాంగిల్‌కు ఆ బాధ ఇంకా ఎక్కువ. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరు పెట్టి డాంగిల్‌ను టేబుల్ మీదికి తెస్తే చాలాసార్లు అంతటితో తీరిపోతుంది.

మాన్యువల్లో గీతలతో మాట్లాడటం

స్కానర్‌కు తెర లేదు, మెనూ లేదు. మన మాట దానికి చేరాలంటే దారి బార్‌కోడే. మాన్యువల్‌లో ఒక్కో గీతల గుంపు ఒక్కో ఆజ్ఞ. కొన్ని కంపెనీలవి నేరుగా పనిచేస్తాయి. కొన్నిటికి ముందు సెటప్ మొదలు అనే కోడ్, చివర సెటప్ ముగింపు అనే కోడ్ చూపించాలి. ఒక పేజీలో గీతలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి అక్కర్లేనివాటిని చేత్తోనో కాగితంతోనో మూసి, కావాల్సిన ఒక్కదాన్నే చూపించాలి. ఇక్కడ పొరపాటు పడి భాష సెట్టింగో మోడో మార్చేసి, తర్వాత స్కానర్ చెడిపోయిందని తిరిగి ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. ఇంకో కంపెనీ మాన్యువల్‌తో మాత్రం ప్రయత్నించొద్దు.

ఎక్కువగా అవసరపడేది చివరి మీట, అంటే సఫిక్స్. అంకెలు కొట్టాక స్కానర్ ఎంటర్ నొక్కాలా, ట్యాబ్ నొక్కాలా, ఏమీ నొక్కకూడదా అనేది ఇక్కడ తేలుతుంది. స్కాన్ చేశాక మీరే ఎంటర్ కొట్టాల్సి వస్తోందంటే సఫిక్స్ లేదన్నమాట. ప్రతి వస్తువు తర్వాత ఒక వరస ఖాళీగా మిగులుతోందంటే, లేదా బిల్లు తనంతట తానే సేవ్ అయిపోతోందంటే, రెండు ఎంటర్లు పడుతున్నాయి. మాన్యువల్‌లో దీని పేరు సీఆర్ ఎల్ఎఫ్. దాన్ని ఒట్టి సీఆర్‌కు మార్చాలి.

తర్వాతది భాష. ఉర్దూ, తెలుగు రెండూ టైపు చేసే ఇళ్లలో దీని గురించి తప్పక తెలిసుండాలి. స్కానర్ అక్షరాల్ని పంపదు, ఫలానా మీట నొక్కానని మాత్రం చెబుతుంది. ఆ మీటకు ఏ అక్షరమో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. శుభలేఖ మ్యాటరో, జల్సా పాంప్లెటో టైపు చేసి కీబోర్డును తెలుగులోనో ఉర్దూలోనో వదిలేస్తే, ఆ తర్వాత స్కాన్ చేసిన కోడ్‌లో ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు గుణింతాలో ఉర్దూ హర్ఫులో పడతాయి. అంకెలు మాత్రమే ఉన్న కోడ్ ఒక్కోసారి సరిగానే పడి, అక్షరాలున్నది మాత్రమే చెడిపోతుంది. అందుకే కిరాణా దుకాణంలో బయటపడని ఈ తప్పు, సొంతంగా స్టిక్కర్లు ముద్రించుకునే కుర్తాల, గాజుల దుకాణాల్లో బయటపడుతుంది. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకు మార్చితే సరి. స్కానర్‌ను ముట్టుకోనే అక్కర్లేదు. క్యాప్స్ లాక్ కూడా ఓసారి చూడండి. అది ఆన్‌లో ఉంటే పెద్దక్షరాలు చిన్నవి, చిన్నవి పెద్దవి అయిపోవచ్చు.

కోడ్‌లో మధ్య అంకెలు ఎగిరిపోతుంటే స్కానర్ వేగం పాత కంప్యూటర్‌కు అందట్లేదని అర్థం. మాన్యువల్‌లో అక్షరాల మధ్య విరామం పెంచే కోడ్ ఉంటుంది, దాన్ని ఒక మెట్టు పెంచండి. కాసేపు పక్కన పెట్టి తీసినప్పుడు మొదటి స్కాన్ పోతుంటే అది నిద్ర సమయం గొడవ. ఒక నిమిషానికి నిద్రపోయేలా ఉన్నదాన్ని పది నిమిషాలకో, అరగంటకో మార్చాలి. చార్జింగ్ కాస్త త్వరగా అయిపోతుంది, ఫర్వాలేదు.

ఇక అట్టపెట్టెల సంగతి. నూనె ప్యాకెట్ల పెద్ద పెట్టె మీద 14 అంకెల కోడ్ ఉండొచ్చు. అది పెట్టె కోడ్, లోపలి ప్యాకెట్‌ది వేరు. రెండింటినీ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు ధరలతో ఎక్కించకపోతే పెట్టెడు సరుకు ఒక్క ప్యాకెట్ ధరకు పోతుంది. ఆ పెట్టె గీతల రకం సగం మాత్రమే చదివినా బీప్ అనే గుణమున్నది. కౌంటర్‌లో పెట్టెలు అమ్మని దుకాణం ఆ రకాన్ని మాన్యువల్‌లో ఆపేసుకోవడమే మంచిది. దాని పేరు ఇంటర్‌లీవ్డ్ 2 ఆఫ్ 5.

క్యూఆర్ చదివే 2డీ స్కానర్ కొంటే ఫోన్‌పే, గూగుల్‌పే డబ్బులు కూడా దానితోనే తీసుకోవచ్చని కొందరు అనుకుంటారు. కౌంటర్ మీది యూపీఐ క్యూఆర్‌ను స్కాన్ చేసి చూడండి, ఓ పొడవాటి అడ్రస్ టైపు అవుతుంది, అంతే. డబ్బు కదలదు.

స్టాక్ లెక్కకు

వైర్‌లెస్ స్కానర్ అసలు ఉపయోగం గోడౌన్‌లో తెలుస్తుంది. జకాత్ లెక్క కోసం ఏడాదికోసారి సరుకంతా లెక్కబెట్టే దుకాణాలకు ఇది పెద్ద ఆసరా. మాన్యువల్‌లో స్టోరేజ్ మోడ్ లేదా ఇన్వెంటరీ మోడ్ అనే కోడ్ ఉంటుంది. అది చూపిస్తే స్కానర్ కోడ్‌లను తన జ్ఞాపకంలోనే దాచుకుంటుంది, కంప్యూటర్ దగ్గర ఉండాల్సిన పనిలేదు. అంతా అయ్యాక ఎక్సెల్ తెరిచి అప్‌లోడ్ కోడ్ చూపిస్తే వరసగా టైపు చేసేస్తుంది.

దీంట్లో రెండు చోట్ల దెబ్బ తినే వీలుంది. అప్‌లోడ్ చేసినంత మాత్రాన లోపలున్నది చెరిగిపోదు. క్లియర్ కోడ్ విడిగా చూపించాలి. మరిచిపోతే రేపటి అప్‌లోడ్‌లో నిన్నటి సరుకు కూడా వస్తుంది, సగం ఖాళీగా ఉన్న గోడౌన్ కాగితం మీద నిండుగా కనిపిస్తుంది. అయితే ఎక్సెల్‌లో పడిన సంఖ్య, స్కానర్ చెప్పే మొత్తం సంఖ్య సరిపోయాకే చెరపాలి.

రెండోది ఎక్సెల్ వేషం. 13 అంకెల కోడ్‌ను అది 8.90 అని మొదలుపెట్టి మధ్యలో ఓ ఇంగ్లీషు అక్షరం, ప్లస్ 12 అని చూపిస్తుంది. సున్నాతో మొదలయ్యే కోడ్ అయితే ఆ సున్నాను మింగేస్తుంది. అమెరికా నుంచి వచ్చిన సరుకుల మీద ఉండే 12 అంకెల కోడ్‌లకు ఇది తరచూ జరుగుతుంది. స్కాన్ మొదలుపెట్టక ముందే ఆ నిలువు వరసను టెక్స్ట్ రకానికి మార్చాలి. తర్వాత మార్చితే పోయిన సున్నా తిరిగిరాదు.

కొన్ని స్కానర్లు సిగ్నల్ దాటి వెళ్లినప్పుడు వాటంతటవే కోడ్‌లు దాచుకుని, దగ్గరికి రాగానే ఒక్కసారిగా కక్కేస్తాయి. అప్పుడు కంప్యూటర్‌లో ఏది తెరిచి ఉంటే అందులో పడతాయి. అది ఎవరిదో సగంలో ఉన్న బిల్లు కావచ్చు, వాట్సాప్‌లో ఖాలా గారి చాట్ కావచ్చు. గోడౌన్ నుంచి వచ్చేముందు కౌంటర్ దగ్గరున్నవాళ్లకు ఓ కేక వేసి నోట్‌ప్యాడ్ తెరిపించండి.

ఏం మార్చారో తెలియకుండా అంతా కలగాపులగమైతే మాన్యువల్ మొదటి పేజీల్లో ఫ్యాక్టరీ డిఫాల్ట్ కోడ్ ఉంటుంది. దాన్ని చూపిస్తే స్కానర్ డబ్బాలోంచి తీసిన రోజుకు వెళ్లిపోతుంది. తర్వాత మోడ్, జత, సఫిక్స్ మళ్లీ పెట్టుకోవాలి. స్టోరేజ్‌లో లెక్క మిగిలుంటే దాన్ని ముందే దించుకోండి. ఆ మూడు కోడ్‌లున్న పేజీలను జిరాక్స్ తీయించి, కౌంటర్ లోపలి వైపు అతికించుకుంటే వెతుకులాట ఉండదు. జిరాక్స్ అసలు సైజులోనే తీయమని చెప్పాలి, కుదిస్తే గీతలు చదవదు. ఫోనులో ఫోటో తీసుకుంటే చాలదా అంటే, లేజర్ రకం స్కానర్లు ఫోను తెర మీది గీతల్ని చాలావరకు చదవలేవు.