మీకు తెలుసా? మాంద్యం మన పెనుకొండ దాకా కూడా వస్తుంది!

● కొత్త కారు మార్కెట్లోకి దించడానికి మీరైతే ఏ నెల ఎంచుకుంటారు? పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కియా తొలి సెల్టోస్ బయటికొచ్చింది 2019 ఆగస్టు 8న. సరిగ్గా ఆ నెలలోనే దేశంలో ప్రయాణికుల వాహనాల అమ్మకాలు ఏడాది కిందటి ఆగస్టు కంటే 31.57 శాతం పడిపోయాయి! అయినా ఆ కారు అమ్ముడుపోయింది. మొత్తం గిరాకీ తగ్గినా ప్రతి సరుకుకూ తగ్గాలని లేదు మరి!

● 2020 ఏప్రిల్‌లో మారుతి సుజుకి మన దేశంలో అమ్మిన కార్లెన్నో చెప్పండి చూద్దాం. సున్నా! లాక్‌డౌన్‌లో షోరూములు తెరిస్తే కదా!

● ఆ ఏప్రిల్-జూన్‌లో దేశ జీడీపీ 23.9 శాతం కుంగిందని తొలి అంచనా. అదే సమయంలో వ్యవసాయం 3.4 శాతం పెరిగింది! 1957-58, 1965-66, 1972-73, 1979-80లలో జీడీపీ తగ్గినప్పుడు వానలు మొహం చాటేసి సేద్యమే దెబ్బతింది. ఈసారి ఆ సేద్యమే నిలబడింది.

● హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో రైతు "రేటు పెరిగాకే అమ్ముతా" అని భీష్మించుకోలేడు! పది పన్నెండు రోజులాగితే లోపలి పురుగుకి రెక్కలొచ్చి గూడు తొలుచుకుని వచ్చేస్తుంది. దాదాపు కిలోమీటరు పొడవుండే దారం ముక్కలైపోతుంది.

● గూళ్ల ధర పెరిగిందా, అందరూ మల్బరీ వేస్తారు. గూళ్లు ముంచెత్తి ధర పడిందా, తోటలు పీకేస్తారు. మళ్లీ కొరత, మళ్లీ ధర! ఇలాంటి ఎగుడుదిగుళ్లను గీతల్లో గీస్తే సాలెగూడులా కనిపిస్తాయని 1934లో ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ ఆ పేరే పెట్టాడు.

● 2011 బడ్జెట్‌లో ఢిల్లీవారు ముడి పట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5కి దించారు. చైనా పట్టు చౌకైంది, ఇక్కడి గూళ్ల ధర జారింది. ఎంత దూరం నుంచి ఎంత దెబ్బ!

● ఆషాఢంలో ధర్మవరం పెళ్లి పట్టుచీరకు గిరాకీ తగ్గడం మాంద్యం కాదు! ఏటా వచ్చే ఇలాంటి తగ్గుదలలను లెక్కల్లోంచి తీసేశాకే ఆర్థికవేత్తలు అసలు జబ్బు వెతుకుతారు.

● సూర్యుడి మీది మచ్చలే మాంద్యాలకు కారణమని 1870లలో జెవన్స్ అనే ఆంగ్లేయుడు వాదించాడు! మచ్చల హెచ్చుతగ్గులు పంటల్ని, పంటల హెచ్చుతగ్గులు వ్యాపారాన్ని ఊపుతాయని ఆయన లెక్క. ఆ లెక్క తర్వాత నిలవలేదు గానీ, ఆకాశం చూసి బతికే మన సీమవాళ్లకు ఆయన మీద కాస్త అభిమానం కలగదూ!

● అమెరికాలో అతి చిన్న మాంద్యం రెండే నెలలు, 2020 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అది ముగిసిందని నిపుణుల సంఘం ప్రకటించింది 2021 జూలైలో! అంకెలన్నీ చేతికందాకే వాళ్లు నోరు విప్పుతారు.

● 1565లో విజయనగర రాజుల ఓటమి తర్వాత విజయనగరం నుంచి పెనుకొండకు సంపద మోసిన ఏనుగులు 550 అని చరిత్రకారుడు రాబర్ట్ సూయెల్ రాశాడు! కొనే దర్బారే కదిలిపోయేసరికి గోవాలో పోర్చుగీసువాళ్ల వ్యాపారం కూడా కుదేలైంది.