కారు యాంప్లిఫయర్ ఆన్ అవ్వట్లేదా? కొత్తది కొనే ముందు ఈ మూడు వైర్లు చెక్ చేయండి

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా బావ కారు తాళం చేతిలో పెట్టి, "నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఈ యాంప్ సంగతేంటో చూడరా" అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే మిక్సీ నుంచి మోటారు దాకా అన్నీ బాగు చేయడం వచ్చేస్తుందని మా ఇంట్లో గట్టి నమ్మకం.

విషయం ఏంటంటే, బావ కారులో పాత స్టీరియో తీసేసి కొత్త ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాడు. ఆ రోజు నుంచి డిక్కీలో ఉన్న యాంప్‌లో లైటు వెలగదు, సబ్‌వూఫర్ కదలదు. షాపువాళ్ళని అడిగితే "బోర్డు పోయింది, కొత్తది వేయాలి, 9 వేలు అవుతుంది" అని తేల్చేశారట. అయితే ఆ పాత యాంప్ ఇప్పటికీ శుభ్రంగా మోగుతోంది. తప్పు ఎక్కడ దొరికిందో, ఎలా వెతికామో వరసగా చెప్తాను. మీ చేతిలో ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంటే చాలు.

యాంప్ ఆన్ అవ్వాలంటే ఏం కావాలి?

ఏ కంపెనీ యాంప్ అయినా పవర్ వైపు మూడు టెర్మినల్స్ ఉంటాయి. బీ ప్లస్ అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే 12 వోల్ట్‌ల లావు వైరు. గ్రౌండ్ అంటే కారు బాడీకి బిగించే వైరు. మూడోది రెమ్, అంటే రిమోట్. బీ ప్లస్‌లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి యాంప్ కూడా ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. అందుకే స్టీరియో ఆన్ అయినప్పుడు ఈ సన్న రెమ్ వైరులో 12 వోల్ట్‌లు పంపి "ఇక లే" అని యాంప్‌కి చెప్తుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా యాంప్ చచ్చిపోయినట్టే కనిపిస్తుంది.

స్టెప్ 1: బీ ప్లస్, గ్రౌండ్

మీటర్‌ని డీసీ 20 వోల్ట్ రేంజ్‌లో పెట్టండి. ఎర్ర ప్రోబ్ బీ ప్లస్ మీద, నల్లది యాంప్ గ్రౌండ్ మీద. ఇంజిన్ ఆఫ్‌లో ఉంటే దాదాపు 12.4 నుంచి 12.7, నడుస్తుంటే 14 దగ్గర్లో రావాలి.

సున్నా వచ్చిందా? ఎర్ర ప్రోబ్ కదపకుండా నల్లదాన్ని కారు బాడీలో పెయింట్ లేని ఇనుము మీద పెట్టండి. ఇప్పుడు 12 చూపిస్తే తప్పు గ్రౌండ్‌లో ఉన్నట్టు. పెయింట్ మీదే బోల్టు బిగించడం, తుప్పు పట్టడం, వైరు వదులవడం మామూలుగా కనిపించే కారణాలు. పెయింట్ గీకి, మెరిసే ఇనుము మీద గట్టిగా బిగించండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీటర్ తీసుకునే కరెంటు చాలా తక్కువ. కాబట్టి సగం తెగిన వైరులో కూడా 12 వోల్ట్‌లు బాగానే చూపిస్తుంది. యాంప్ ఆన్ అయ్యి, బేస్ కొట్టగానే ఆగిపోతుంటే పాట నడుస్తుండగానే వోల్టేజ్ చూడండి. అప్పుడు బాగా పడిపోతే వైరు, జాయింట్లు, బ్యాటరీ మూడూ అనుమానించాలి.

స్టెప్ 2: ఫ్యూజ్

నల్ల ప్రోబ్ బాడీ మీద పెట్టినా సున్నాయే వస్తే బ్యాటరీ దగ్గరున్న మెయిన్ ఫ్యూజ్‌కి వెళ్ళండి. ఫ్యూజ్‌కి రెండు వైపులా వోల్టేజ్ చూడండి. ఒక వైపు 12, రెండో వైపు సున్నా అంటే ఫ్యూజ్ పోయింది, లేదా హోల్డర్‌లో కాంటాక్ట్ లేదు.

ఫ్యూజ్ పోతే ఊరికే పోదు. యాంప్ నుంచి బీ ప్లస్ వైరు విప్పేసి, ఆ కొస ఎక్కడా తగలకుండా టేప్ చుట్టి, అదే రేటింగ్ కొత్త ఫ్యూజ్ వేయండి. అయినా పోతే వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది. ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే రంధ్రం దగ్గర ముందు చూడండి, ఇనుప అంచుకి రాసుకుని తొడుగు తెగుతుంది. యాంప్‌కి కలిపాకే పోతుంటే మాత్రం షార్ట్ యాంప్ లోపలే ఉన్నట్టు.

దయచేసి 30 యాంపియర్ల చోట 60 వేయడం, సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టడం లాంటివి చేయొద్దు. మెయిన్ ఫ్యూజ్ ముఖ్యంగా కాపాడేది యాంప్‌ని కాదు, బ్యాటరీ నుంచి డిక్కీ దాకా మీ సీట్ల కింద నుంచి వెళ్ళే వైరుని. ఫ్యూజ్ తెగకపోతే ఆ వైరు కాలుతుంది. యాంప్ పోతే 9 వేలు, కారుకి నిప్పంటుకుంటే లోపల మనుషులుంటారు.

స్టెప్ 3: రెమ్

బావ కారులో బీ ప్లస్ 12.5 వచ్చింది, గ్రౌండ్ బాగుంది. స్టీరియోలో పాట పెట్టి రెమ్ చూస్తే సున్నా! అప్పుడు చిన్న వైరు ముక్కతో బీ ప్లస్, రెమ్ రెండింటినీ ఒక్క క్షణం కలిపాను. యాంప్ మీద పచ్చ లైటు వెలిగింది. అంటే బోర్డు పోలేదు, దాన్ని లేపేవాళ్ళే లేరు. ఈ టెస్ట్ చేసేటప్పుడు ఆ వైరు ముక్క గ్రౌండ్‌కి మాత్రం తగలకూడదు.

స్టీరియో వెనక్కి చూస్తే అసలు సంగతి తెలిసింది. చాలా స్టీరియోల్లో నీలం వైరు పవర్ యాంటెనాకి, నీలం మీద తెల్ల చార ఉన్నది యాంప్‌కి. షాపులో రెమ్‌ని యాంటెనా వైరుకి కలిపేశారు. అందులో రేడియో పెట్టినప్పుడే కరెంటు వస్తుంది. ఎఫ్ఎం పెట్టి చూశాం, సబ్‌వూఫర్ దడదడలాడింది! బ్లూటూత్‌కి మార్చగానే మళ్ళీ నిశ్శబ్దం. బావ ఎప్పుడూ బ్లూటూత్ తప్ప ఎఫ్ఎం పెట్టడు, అందుకే యాంప్ పోయిందనుకున్నాడు. వైరు మార్చడానికి పట్టింది పది నిమిషాలు.

కంపెనీ స్టీరియోల్లో చాలావాటికి రెమ్ వైరే ఉండదు. అప్పుడు తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఏసీసీ ఫ్యూజ్ నుంచి ఫ్యూజ్ ట్యాప్‌తో తీసుకోవచ్చు. ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్ నుంచి తీస్తే పొద్దున్నే బండి స్టార్ట్ కాకపోవచ్చు.

ఎర్ర లైటు వస్తుంటే?

ప్రొటెక్ట్ లైటు వెలిగితే పవర్ వస్తోందన్నమాటే. యాంప్ ఆఫ్ చేసి స్పీకర్ వైర్లు అన్నీ విప్పి, మళ్ళీ ఆన్ చేయండి. లైటు పోతే ఏదో స్పీకర్ లేదా దాని వైరు షార్ట్ అయినట్టు, ఒక్కొక్కటిగా కలిపి చూడండి. అన్నీ విప్పినా ఎర్ర లైటే ఉంటే ఆర్‌సీఏ కేబుల్స్ కూడా తీసి చూడండి. అయినా మారకపోతే తప్పు లోపలే ఉండొచ్చు.

మూడు టెర్మినల్స్‌లోనూ వోల్టేజ్ సరిగ్గా ఉండి, యాంప్ మీదున్న చిన్న ఫ్యూజులు కూడా బాగుండి, అప్పటికీ లైటు రాకపోతే అప్పుడు నిజంగా రిపేర్‌కి ఇవ్వాల్సిందే. ఎవరైనా "బోర్డు పోయింది" అంటే మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, రెమ్‌లో ఎన్ని వోల్ట్‌లు వచ్చాయి?" మీటర్ పెట్టి చూసినవాళ్ళయితే నంబర్ చెప్తారు. నంబర్ చెప్పలేకపోతే డబ్బులు జేబులోంచి తీయకండి.