ఫజర్‌కు లేవగానే మడమ నొప్పా? మాత్ర కన్నా ముందు ఈ వ్యాయామాలు చేయండి

ఫజర్ అజాన్ వినపడగానే మంచం దిగుతారు. మొదటి అడుగు నేల మీద పడగానే మడమలో సూది గుచ్చినట్టు నొప్పి. గోడ పట్టుకుని కుంటుకుంటూ వుజూకు వెళ్తారు. పది అడుగులు వేశాక కాస్త తగ్గుతుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

పాతబస్తీలో చాలా ఇళ్లల్లో అమ్మీలు, ఖాలాలు ఈ బాధను ఎవరికీ చెప్పరు. వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకుంటారు. లాడ్ బజార్, పత్తర్‌గట్టి దుకాణాల్లో పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే వాళ్లదీ ఇదే పరిస్థితి. సెలవు పెడితే ఆ రోజు సంపాదన పోతుంది. అందుకే మెడికల్ షాపులో ఓ నొప్పి మాత్ర కొని వేసుకుని పనిలో పడిపోతారు. రోజూ ఇలా మాత్రలు మింగితే కడుపులో పుండ్లు పడే, కిడ్నీలు దెబ్బతినే ముప్పు ఉంటుంది. మడమ మాత్రం అలాగే ఉంటుంది.

అసలేమవుతుంది?

మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. దాని పేరు ప్లాంటార్ ఫేషియా. మంచానికి నవారులాగా పాదం వంపును బిగించి పట్టేది ఇదే. రోజూ మోయగలిగిన దానికన్నా ఎక్కువ భారం పడితే మడమ దగ్గర అది దెబ్బతింటుంది. దీన్నే డాక్టర్లు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. 40 నుంచి 60 ఏళ్ల వాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. రాత్రంతా పాదం కిందికి వాలి ఉండటంతో ఈ పట్టీ బిగుసుకుంటుంది. పొద్దున మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది కాబట్టి అంత నొప్పి.

అధిక బరువు, పిక్క కండరాలు బిగుసుకుపోవడం, అరిగిపోయిన హవాయి చెప్పులు, బండల మీద, మార్బుల్ మీద చెప్పుల్లేకుండా గంటల తరబడి నిలబడి వంట చేయడం ముఖ్యమైన కారణాలు. అలవాటు లేని నడక ఒక్కసారిగా పెంచినా ఇంతే. ఉమ్రా, హజ్‌కు వెళ్లే వాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. సఫా, మర్వాల మధ్య సయీ ఒక్కటే సుమారు 3 కిలోమీటర్ల నడక. కనీసం రెండు, మూడు నెలల ముందు నుంచే నడక కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

‘ఎక్స్‌రేలో ఎముక పెరిగింది, ఆపరేషన్ చేయాలేమో’ అని భయపడే వాళ్లూ ఉన్నారు. ఆ ముల్లులాంటి ఎముక ఏ నొప్పీ లేని చాలామందిలో కూడా ఉంటుంది. ఒక్క ఎక్స్‌రే చూసి కంగారు పడొద్దు.

ఇంట్లోనే చేసే వ్యాయామాలు

మొదటిది, మంచం దిగకముందే చేయాలి. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద పెట్టుకుని, చేత్తో కాలివేళ్లను మోకాలి వైపు వెనక్కి లాగాలి. అరికాలిలో పట్టీ బిగుసుకోవడం రెండో చేతికి తెలుస్తుంది. 10 అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు. అమెరికాలో 101 మందిపై చేసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, పిక్కలు మాత్రమే సాగదీసిన వాళ్లకన్నా ఇలా చేసిన వాళ్లకు 8 వారాల్లో ఎక్కువ ఉపశమనం దొరికింది.

రెండోది పిక్కలకు. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలును వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించే ఉంచి ముందుకు వంగాలి. 30 సెకన్లు, 3 సార్లు.

మూడోది బలానికి. మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ల కింద చుట్టిన టవల్ పెట్టుకోవాలి. 3 సెకన్లలో మడమ పైకి లేపి, 2 సెకన్లు ఆపి, 3 సెకన్లలో దించాలి. రోజు విడిచి రోజు, 12 సార్లు చొప్పున 3 విడతలు. డెన్మార్క్ పరిశోధకులు పరీక్షించిన పద్ధతి ఇది. 3 నెలలకు మంచి ఫలితం కనిపించింది. పెద్దవాళ్లు రెయిలింగ్ పట్టుకుని, రెండు కాళ్లతో మొదలుపెట్టాలి. కొద్దిపాటి నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటికి పెరిగితే మాత్రం తగ్గించాలి.

నిలబడే తీరు మార్చుకోండి

ఇంట్లో వాడుకోవడానికి మెత్తటి, మడమ దగ్గర కాస్త ఎత్తున్న చెప్పుల జత ఒకటి విడిగా పెట్టుకోవాలి. బియ్యం ఏరడం, కూరగాయలు కోయడం కూర్చునే చేసుకోవచ్చు. స్టవ్ దగ్గర చిన్న పీట వేసుకుని ఒక్కో కాలు మార్చిమార్చి దాని మీద పెడితే భారం తగ్గుతుంది. దుకాణంలో కౌంటర్ వెనుక రబ్బరు మ్యాట్ వేసుకోవాలి. ఒకే కాలి మీద ఒరిగి నిలబడకూడదు. గంటకోసారి రెండు నిమిషాలు కూర్చోవాలి.

సజ్దాలో, ఖాదాలో కాలివేళ్లు మడిచినప్పుడు కూడా ఇదే పట్టీ సాగుతుంది. నొప్పి తక్కువగా ఉంటే ఇబ్బంది లేదు. బాగా నొప్పిగా ఉంటే బలవంతంగా మడవొద్దు. కుర్చీ మీద నమాజ్ గురించి డాక్టర్‌నీ, మసీదు ఇమామ్‌నీ అడిగి తెలుసుకోవాలి.

షుగర్ ఉంటే జాగ్రత్త

ఇటుక వేడి చేసి, జిల్లేడు ఆకు వేసి మడమకు కాపడం పెట్టడం మన ఇళ్లల్లో పాత అలవాటు. షుగర్ ఉన్న వాళ్లు ఇది అస్సలు చేయొద్దు. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. చిన్న బొబ్బే పుండై కాలి మీదికి రావచ్చు. ఐసు పెట్టడానికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మడమ వాచి ఎర్రబడినా, జ్వరం వచ్చినా, తిమ్మిర్లున్నా, పడుకున్నప్పుడూ నొప్పి తగ్గకపోయినా, దెబ్బ తగిలి అడుగు వేయలేకపోయినా ఆలస్యం చేయొద్దు. ఉస్మానియా ఆసుపత్రి ఎముకల విభాగంలో చూపించుకోవచ్చు. చార్మినార్ దగ్గరి నిజామియా యునానీ ఆసుపత్రికి వెళ్లే వాళ్లు షుగర్ సంగతి ముందే చెప్పాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని త్వరగా తగ్గిస్తుంది కానీ, పదే పదే తీసుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం ఉంది.

ఈ నొప్పి వారంలో పోయేది కాదు. కొందరికి నెలలు, ఏడాది దాకా కూడా పడుతుంది. కానీ ఎక్కువ మందికి ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. కావాల్సింది ఒక టవల్, ఒక మెట్టు, రోజుకు పావుగంట సమయం. ఇంట్లో ఎవరైనా పొద్దున్నే గోడ పట్టుకుని నడుస్తుంటే, వాళ్లు చెప్పేదాకా ఆగకుండా మీరే అడగండి.